పలకరింపుల ఫోల్డర్

వెదురుచెలక మండలంలో ఫిర్యాదులు లేవని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. ఫిర్యాదులు చేసే మనుషులు మాత్రం యథాప్రకారం ఉన్నారు. వాళ్ళ ఇబ్బందులు కూడా ఎక్కడివక్కడే భద్రంగా ఉన్నాయి. ఒక్క ఫిర్యాదులే లేవు. ఇంతటి ఘనకార్యానికి పట్టిన కాలం ఒక మధ్యాహ్నం. అందులోనూ సగం భోజన విరామానికే పోయింది.

ఆ కీర్తి మొత్తం ఎంపీడీవో వెంకటప్పయ్యగారిది. స్వస్థలం మధిర. తాతలనాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న కుటుంబం. వాళ్ళింట్లో చెడ్డమాట నోటినుంచి రాకూడదు. బియ్యం అయిపోయాయని అనరు, నిండుకున్నాయంటారు. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. గడప దాటేవాళ్ళు పోతున్నానంటే పెద్దావిడ వెనక్కి పిలిచి, కాళ్ళు కడిగించి, వస్తానని అనిపించి మరీ పంపేది. ఒకసారి పాడి గేదె దూడ బావిలో పడింది. ఆ మాట చెప్పడానికి పాలేరుకు నోరు రాక, ‘దూడ బావి చూడబోయిందండీ’ అన్నాడు. మంచిదే, పసిది, చూడనీ అనుకుని అందరూ స్థిమితంగా భోజనాలు ముగించారు. అదృష్టం బాగుండి బావిలో నీళ్ళు లేవు గనుక దూడ బతికింది.

అలాంటి సంస్కారంలో పెరిగిన మనిషికి పినపాక అవతల అడవి అంచు మండలంలో ఉద్యోగమిచ్చి, ఎదురుగా ఒక కంప్యూటర్ పెట్టారు. పొద్దున్నే భద్రాద్రి రాముడి పటానికి దణ్ణం పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, ఈమెయిలు తెరిస్తే ఎడమ పక్కన బారుగా కనిపించేవి ఏమిటి? ఫిర్యాదులు. పెండింగ్. తిరస్కరించినవి. సంజాయిషీలు. పైగా ప్రతి పేరు పక్కనా ఒక అంకె. ఇంటి దగ్గర ఎదురొచ్చే పిల్లిని తరిమేసి బయలుదేరే పెద్దమనిషికి ఇక్కడ రోజూ ఇంత దుశ్శకునమా? ఆయనకు తిన్న ఇడ్లీ అరిగేది కాదంటే నమ్మండి.

ఇలా ఉండగా పైనుంచి సాయమిత్ర వచ్చింది. ఇది మనిషి కాదు, కృత్రిమ మేధ. మెయిళ్ళు చదువుతుంది, వేటి ఫోల్డర్లో వాటిని సర్దుతుంది, జవాబులు రాస్తుంది, చెప్పిన పనల్లా చేస్తుంది. వీటన్నిటికంటే గొప్ప గుణం ఇంకోటుంది. అది మెచ్చుకుంటుంది. సర్వీసు మొత్తంలో వెంకటప్పయ్యగారిని పై అధికారి ఒక్కడూ మెచ్చుకున్న పాపాన పోలేదు. ఇంట్లో భార్య భారతమ్మగారు అసలే మెచ్చుకోరు. మొదటిరోజు ఆయన మొహమాటపడుతూ, ఇవాళ వాన పడుతుందా అని అడిగారు. ‘ఎంత లోతైన ప్రశ్న సార్!’ అంది సాయమిత్ర. వాన మాట తేలలేదు గానీ ఆయన ఆ పూట ఒక ముద్ద ఎక్కువ తిన్నారు.

చనువు పెరిగింది. ఒక మధ్యాహ్నం ఆయన మనసులో మాట చెప్పుకున్నారు. “సాయమిత్రా, ఈ ఫోల్డర్ల పేర్లు అశుభంగా ఉన్నాయి. కాస్త మంగళకరంగా మార్చి పెట్టు.”

‘అద్భుతమైన ఆలోచన సార్! పాలనా చరిత్రలో ఇలా ఆలోచించిన అధికారులు అరుదు,’ అంది అది. అని ఊరుకోకుండా పని మొదలుపెట్టింది. ‘ఫిర్యాదులు’ పోయి ‘ప్రజల పలకరింపులు’ అయింది. ‘పెండింగ్’ ఫోల్డర్‌కు ‘పండుతున్నవి’ అని పేరొచ్చింది. ‘రిమైండర్లు’ తీసేసి ‘ఆత్మీయ జ్ఞాపకాలు’ అంది. తిరస్కరించిన దరఖాస్తులు ‘భవిష్యత్ అవకాశాలు’ అయ్యాయి. కోర్టు నోటీసులను ‘న్యాయదేవత ఆశీస్సులు’ అంటే వెంకటప్పయ్యగారికి కళ్ళు చెమర్చాయి. చెత్తబుట్టకు ఏం పేరు పెట్టమంటారని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి, ‘విశ్రాంతి మందిరం’ అన్నారు. ‘ఆహ్వానాలు’ అనే ఫోల్డర్ ఒక్కదాన్నే ముట్టుకోలేదు. అది పుట్టుకతోనే శుభప్రదం.

అదే గదిలో కూర్చునే కంప్యూటర్ ఆపరేటర్ శ్యామలకు ఒక సందేహం వచ్చింది. పెనుబల్లి మనిషి, ఉన్నమాట అనేస్తుంది. “సార్, ఫిర్యాదుల ఫోల్డర్లో మెయిల్ పడితేనే కదా పగిడయ్య ఫోనుకు మెసేజ్ పోయేది! పేరు మారిస్తే పోద్దో, పోదో. బోరింగులు చెడితే ఎట్ల సార్?”

“మంచిపని మొదలుపెట్టేటప్పుడు ఆ మాటలేంటమ్మా, అశుభం!” అన్నారు ఆయన. శ్యామల తన పనిలో పడింది.

పగిడయ్య మండలంలో బోరింగుల మెకానిక్. అతనికి పని అప్పజెప్పే పద్ధతి శ్యామల చెప్పిందే. ఆ ఫోల్డర్లో మెయిల్ పడగానే అతని ఫోన్ టింగుమంటుంది. పానాల సంచీ బండికి తగిలించుకుని అతను బయలుదేరతాడు. ఆ సాయంత్రం నుంచి టింగు ఆగిపోయింది. మొదట ఫోన్ చెడిందనుకున్నాడు. అందులో పాటలు బాగానే వస్తున్నాయి. అయితే బోరింగులకే బుద్ధొచ్చిందని తేల్చుకుని, చాలా ఏళ్ళుగా రమ్మంటున్న అత్తగారింటికి వెళ్ళి, మామతో కలిసి తాటి ముంజలు తింటూ కూర్చున్నాడు.

జిల్లాకు రోజూ వెళ్ళే నివేదిక కూడా ఆ ఫోల్డర్ పేరునే వెతుక్కునేది. అది కనబడక సున్నా వేసుకుంది. మర్నాడూ సున్నా. ఆపై వారమంతా సున్నాలే. సమీక్షా సమావేశంలో పెద్ద అధికారి ఒకాయన ఆ సున్నాలను తెరమీద వేయించి, వెంకటప్పయ్యగారిని వేదిక మీదకు పిలిచి, శాలువా కప్పి ఉపన్యసించారు. “మిత్రులారా! సమస్యను పరిష్కరించడం సామాన్యుడి పని. సమస్యే పుట్టకుండా చూడటం ద్రష్ట పని. ఈ సున్నా ఒట్టి సున్నా కాదు, ప్రజల సంతృప్తి అనే పూర్ణచంద్రుడు!” చప్పట్లు మోగాయి. రెక్కలు విప్పిన పావురం బొమ్మ ఒకటి జ్ఞాపికగా ఇచ్చారు. పక్క మండలాల అధికారులు ఆయన చుట్టూ మూగి, సున్నా ఎలా తేవాలో చెప్పమని బతిమాలారు. భారతమ్మగారు పావురాన్ని టీవీ మీద పెట్టి, దుమ్ము పడకుండా పాలిథిన్ కవరు తొడిగారు.

పూర్ణచంద్రుడు అక్కడ వెలుగుతుంటే, ఇక్కడ ఇప్పలగుంపులో బోరింగు చైన్ తెగింది. ఇప్పలగుంపు అడవి లోపలి కోయ పల్లె. గుంపు మొత్తానికి అదొక్కటే బోరింగు. పిడి పట్టుకుంటే ఊయలలా ఊగుతుంది తప్ప చుక్క రాలదు. అది బీడీలు చుట్టే తునికాకు కోసే కాలం. ఆడవాళ్ళు చీకటితో లేచి అడవిలోకి పోయి ఆకు కోసి, ఎండ నెత్తికెక్కే వేళకు మూటలతో తిరిగొచ్చి కట్టలు కట్టాలి. ఇంటికొచ్చేసరికి కుండలో నీళ్ళుండవు. మళ్ళీ బిందెలెత్తుకుని వాగుకు పోయి, ఇసుకలో చెలమ తవ్వి, ఊరే దాకా కూర్చుని, ఆనపకాయ బుర్రతో తోడుకోవాలి. సగం బిందె నిండేలోపు గొడ్లు వచ్చి చెలమ తొక్కేస్తాయి. బురద నీళ్ళు తాగి పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. ఇందులో నవ్వడానికి ఏమీ లేదు గనుక కథ ముందుకు నడుస్తుంది.

ఆ గుంపులో కన్నమ్మ మాట నలుగురూ వింటారు. ఆమె మొగుడు గంగయ్యకు ఫోనుంది. సిగ్నల్ మాత్రం గుట్ట మీద ఉంటుంది. గుట్ట ఎక్కించి అతనితో మెయిల్ పెట్టించింది. ‘బోరింగు చెడింది, నీళ్ళు లేవు, జల్దీ మనిషిని పంపండి’ అని. జవాబు క్షణంలో వచ్చింది. ‘మీ ఆత్మీయ పలకరింపు అందింది. కార్యాలయ సిబ్బంది యావత్తూ ఆనందించింది. మీరు కూడా కుశలమని తలుస్తాము.’

“బోరింగు చెడిందంటే మంచిగున్నరా అని అడుగుతడేంది?” అంది కన్నమ్మ.

“చదువుకున్నోళ్ళు గట్లనే మొదలుపెడతరు. అసలు మాట ఎనక వస్తదేమో,” అన్నాడు గంగయ్య.

ఎనక ఏమీ రాలేదు. రెండోసారి రాశారు. ‘మమ్మల్ని మరోసారి తలచుకున్నందుకు కృతజ్ఞతలు’ అని జవాబొచ్చి, ఆ మెయిల్ ‘ఆత్మీయ జ్ఞాపకాల’లోకి చేరింది. మూడోసారి గంగయ్యకు కడుపు మండి, ‘మీకు అసలు మనసున్నదా?’ అని పెట్టాడు. ‘ఎంత లోతైన ప్రశ్న!’ అంది సాయమిత్ర.

ఇక లాభం లేదని కన్నమ్మ ఖాళీ బిందె చంకనేసుకుని ఆటో ఎక్కి మండల ఆఫీసుకు వచ్చింది. ఖాళీ బిందె ఎదురుపడగానే వెంకటప్పయ్యగారికి గుండె ఝల్లుమంది. దాన్ని బయట పెట్టించి, ఆమెను కూర్చోబెట్టి, అటెండరు గోపాలుతో టీ తెప్పించారు. మనిషి మంచివాడే, ఆ మాట ఎవరి దగ్గరైనా చెబుతాను.

“సారూ, మా ఇప్పలగుంపు బోరింగు చెడింది. మూడుమార్లు రాసినం. నువ్వు సూడలేదా?” అంది కన్నమ్మ.

వెంకటప్పయ్యగారు వెతికించారు. మూడు మెయిళ్ళూ భద్రంగా ఉన్నాయి, పక్కన ఒక్కొక్క పువ్వు బొమ్మతో సహా. “చూడమ్మా, పోలేదు. మీ పలకరింపులన్నీ మా దగ్గరే ఉన్నాయి,” అన్నారు సంతోషంగా.

“పలకరించలేదు సారూ. నీళ్ళు లేవని మొర పెట్టుకున్నం.”

“ఫిర్యాదు అంటావా? ఆ ఫోల్డర్ ఈ ఆఫీసులో లేదమ్మా. లేనిదాంట్లో ఎలా వెయ్యను? వెయ్యకుండా పగిడయ్యను ఎలా పంపను? దేనికైనా పద్ధతి ఉంటుంది కదా!”

కన్నమ్మ టీ పక్కన పెట్టింది. “గట్లయితే నువ్వు ఏది సూస్తవు సారూ?”

“అన్నీ సాయమిత్రే చూసుకుంటుంది. నేను స్వయంగా చూసేది ఒక్క ఆహ్వానాలే. శుభమా అని పిలిస్తే వెళ్ళకపోవడం మా ఇంటా వంటా లేదు. ఎంత అడవైనా సరే, వస్తాను.”

“పిలిస్తే ఒస్తవా?”

“తప్పకుండా!”

“మంచిది సారూ. పిలుస్తం,” అని కన్నమ్మ బయటికి వచ్చి బిందె తీసుకుంది. టీ అలాగే చల్లారింది.

మర్నాడే ‘ఆహ్వానాలు’లో ఒక మెయిల్ మెరిసింది. ఇప్పలగుంపు బోరింగు ప్రారంభోత్సవం, ముఖ్య అతిథి తమరే, డోలు వాయిద్యాలతో స్వాగతం, తదుపరి భోజనాలు. వెంకటప్పయ్యగారు పొంగిపోయారు. వస్తున్నామని స్వహస్తాలతో జవాబు రాసి, పత్రికల వాళ్ళకు కబురు పెట్టించి, ఉపన్యాసం రాయమని సాయమిత్రకు పురమాయించారు. ఆహ్వానించిన ఊరు పేరు నిన్ననే విన్నామన్న సంగతి ఆయనకు తట్టనే లేదు. శుభకార్యాలకు, అశుభాలకు ఆయన బుర్రలో వేర్వేరు గదులుండేవి.

శ్యామల ఉండబట్టలేకపోయింది. “సార్, అశుభం అనుకోకండి. రేపు మీరు పిడి కొట్టినప్పుడు నీళ్ళు రాకపోతే?”

వెంకటప్పయ్యగారు ఆ దృశ్యం ఊహించుకున్నారు. మెడలో దండ, ఎదురుగా కెమెరాలు, చేతిలో బోరింగు పిడి, అందులోంచి వట్టి గాలి. తన చేతిమీదుగా జరిగే శుభకార్యంలో ఎండిన గొట్టం! అంతకు మించిన అపశకునం ఆయన వంశంలోనే ఎవరికీ ఎదురు కాలేదు. ఆయన కుర్చీలోంచి లేచారు.

“పగిడయ్యను పిలువు! అత్తగారింట్లో ఉన్నా సరే, ఉన్నపళంగా రమ్మను. ఫిర్యాదని చెప్పకు, శుభకార్యమని చెప్పు!”

పద్ధతి ఏమైందని శ్యామల అడగలేదు. పగిడయ్య ముంజలు వదిలి పరుగున వచ్చి, చైన్ మార్చి, గొట్టాలు పైకి లాగి వాషర్లు కూడా కొత్తవి వేసి, ముందే నాలుగు బిందెలు నింపి చూసుకుని గానీ ఇంటికి పోలేదు. ప్రారంభోత్సవం కాకముందే నీళ్ళు పట్టుకున్న నాలుగు ఇళ్ళవాళ్ళూ ఆ మాట బయటికి పొక్కనివ్వలేదు.

తెల్లారి డోళ్ళు మోగాయి. వెంకటప్పయ్యగారు రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, కళ్ళు మూసుకుని పిడి పట్టారు. నీళ్ళు భళ్ళున దూకి ఆయన బూట్లు తడిపాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. కన్నమ్మ ఆనపకాయ బుర్రలో నీళ్ళు పట్టి ఇచ్చింది. చల్లగా, తియ్యగా ఉన్నాయి. బిందెలు పట్టుకుని బారులు తీరిన ఆడవాళ్ళ చేతులు ఆయనకు కనిపించాయి. ఇసుక తవ్వి తవ్వి గోళ్ళు అరిగిపోయిన చేతులు. ఇన్నాళ్ళూ వీళ్ళు ఏం తాగారు అన్న ఆలోచన తటాలున వచ్చింది. నిజంగానే సిగ్గేసింది. ఒక్క నిమిషం ఆగి ఉంటే ఆయన మనసు విప్పి ఏదన్నా అనేవారే. ఇంతలో ఎవరో మైకు చేతికిచ్చారు. “సోదర సోదరీమణులారా, అడవితల్లి గుండెల్లో ఉబికిన ఈ గంగాధార నా చేతుల మీదుగా...” అని సాయమిత్ర రాసినంతా చదివేశారు.

తునికాకు కల్లం దగ్గర పది గుంపుల ఆడవాళ్ళు కలుస్తారు. ఆకు కట్టలతోపాటు కన్నమ్మ కబురు కూడా అక్కడినుంచి అన్ని పల్లెలకూ చేరింది. వారం తిరిగేసరికి మండలం శుభకార్యాలతో కళకళలాడిపోయింది. కురిసే బడికి గృహప్రవేశం పెట్టారు. రోడ్డు మీద గుంతకు భూమిపూజ, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌కు దీపారాధన. అంగన్‌వాడీలో తూకం చెడితే తులాభారం. తండా నుంచి సక్రి అనే ఆవిడ వితంతు పింఛను ఆగిపోయి, ఏ శుభకార్యమనాలో తోచక, సత్యనారాయణ వ్రతానికి పిలిచింది. ప్రతిచోటికీ ఆయన వచ్చేముందే మెకానిక్కో, మేస్త్రీయో, లైన్‌మనో వచ్చి వెళ్ళాల్సిందే. లేకపోతే అపశకునం కదా! వెంకటప్పయ్యగారు జేబులో కత్తెర పెట్టుకుని తిరిగారు. ఇంట్లో పొద్దునా సాయంత్రం కొబ్బరి పచ్చడే. “ఇంకొక్క చిప్ప తెచ్చారంటే నేను మధిర వెళ్ళిపోతాను,” అన్నారు భారతమ్మగారు, ‘వెళ్ళొస్తాను’ అనాలన్న సంగతి కూడా మరిచిపోయి.

ఇలా మండలంలో చెడిపోయినవన్నీ ఒక్కొక్కటే బాగుపడ్డాయి. ఆయన నడుము ఒక్కటే చెడింది. పొద్దున్నే మెయిల్ తెరిస్తే ‘ఆహ్వానాలు’ పక్కన అంకె చూసి గుండె దడదడలాడేది. దాని ముందు పాత ‘ఫిర్యాదులే’ నయమనిపించేది. ఒకనాడు నీరసంగా అన్నారు. “సాయమిత్రా, ఆ ఆహ్వానాలు అన్న మాట నా కళ్ళబడకుండా చెయ్యి.”

‘అద్భుతమైన ఆలోచన సార్! “ఫిర్యాదులు” అనే చక్కటి పేరు ప్రస్తుతం ఖాళీగా ఉంది. పెట్టమంటారా?’

“ఏదో ఒకటి పెట్టు,” అన్నారు ఆయన నడుము పట్టుకుని. శ్యామల ఈసారి నోరెత్తలేదు. రెండుసార్లు అశుభం పలికింది, చాలు.

ఆ మధ్యాహ్నమే పగిడయ్య ఫోన్ మళ్ళీ టింగుమంది. వచ్చిన ప్రతి శుభలేఖా అతనికే చేరసాగింది. పానాల సంచీతో ఒక పెళ్ళి పందిట్లోకి వెళ్ళి, “ఏం చెడిందయ్యా ఇక్కడ?” అని నిలదీస్తే పెళ్ళికూతురి తండ్రికి కళ్ళు తిరిగాయి. జిల్లా నివేదికలో సున్నా ఎగిరిపోయి, అంకెలు గుట్ట ఎక్కాయి. ప్రతి బోరింగూ నీళ్ళిస్తున్న మండలంలో ఫిర్యాదులు వెల్లువెత్తాయి. శాలువా కప్పిన పెద్ద అధికారే ఈసారి నిలబెట్టి అడిగారు. “ప్రజల సంతృప్తిని ఇంతలా దిగజార్చడానికి ఏం చేశారండీ మీరు?”

“అన్నీ బాగు చేయించానండీ,” అన్నారు వెంకటప్పయ్యగారు అమాయకంగా.

శిక్షగా బదిలీ చేశారు. ఎక్కడికంటే మధిరకు. సొంతూరికి పంపమని ఆయన ఏటా పెట్టుకున్న అర్జీలు పై ఆఫీసులో ఏ ముద్దుపేరున్న ఫోల్డర్లో పండుతున్నాయో తెలియదు గానీ, అర్జీ చేయలేని పని మెమో చేసింది.

సామాను లారీకి ఎక్కిస్తుండగా కన్నమ్మ తేనె సీసాతో వచ్చింది. “పోతున్నవా సారూ?” అంది. ఆ మాటకు ఆయన ఉలిక్కిపడలేదు. నిజంగా వెళ్ళిపోతున్నందుకు ఆయనకు బెంగగానే ఉంది.

“బోరింగు బాగుందా కన్నమ్మా?”

“అవ్ సారూ, ఇప్పటికైతే మంచిగనే ఉంది. గొట్టమన్నంక మల్ల చెడుతది గద! గందుకే ఒక్క మాట అడిగిపోదామని ఒచ్చిన. నీకు పిలుపులంటే పానం. కొత్తగ ఒచ్చే సారుకు ఏందిష్టం?”

వెంకటప్పయ్యగారికి మనసు చివుక్కుమంది. నీళ్ళు కావాలంటే నీళ్ళు కావాలని రాస్తే సరిపోతుందని చెప్పబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయారు. అంత అబద్ధం చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. “ఆయనకు క్రికెట్ పిచ్చి అంటున్నారమ్మా,” అన్నారు నెమ్మదిగా.

కన్నమ్మ ఆ మాట రెండుసార్లు పలికి చూసుకుని, తేనె సీసా ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ప్రస్తుతం ఇప్పలగుంపులో బోరింగు పక్కన నేల చదును చేశారు. తునికాకు పని అయిపోయాక ఆడవాళ్ళంతా అక్కడ బౌలింగ్ నేర్చుకుంటున్నారు. కన్నమ్మ బంతి సూటిగా పడుతోందట. మొదటి టోర్నమెంటు బోరింగు చైన్ మళ్ళీ తెగిన మర్నాడు ఉంటుంది. తమరూ రాగలరు. రావడానికి తీరిక లేకపోయినా పర్వాలేదు, మీ ఊళ్ళో మీరు నేర్చుకుంటున్న ఆట మీకూ ఉంటుంది కదా.